మాంసపు పశువులను గడ్డి మీదే పెంచితే లాభమా, చివర్లో ధాన్యం పెడితే లాభమా?

ప్రశ్న: మేతలెక్క

అందరికీ నమస్కారం.

మాంసం కోసం పెంచే పశువుల ఆదాయ వ్యయాల గురించి కొంతకాలంగా చదువుతున్నాను. ఎంత చదివినా ఒక సందేహం తీరడం లేదు. గడ్డి తనంతట తానే మొలుస్తుంది, పశువు తన కాళ్ళ మీద నడిచి వెళ్ళి దానిని మేస్తుంది, పేడ అక్కడే వేసి నేలకు బలం ఇస్తుంది. ధాన్యం సంగతి అలా కాదు. నేల దున్ని, విత్తి, ఎరువు వేసి, కోసి, ఆరబెట్టి, లారీల్లో తరలించి, మరలో ఆడించి, చివరికి తొట్టిలో పోయాలి. అడుగడుగునా డబ్బు ఖర్చవుతుంది. పైగా నెమరువేసే జంతువు కడుపు పీచును అరిగించుకోవడానికి ఏర్పడినది. ఇన్ని ఉన్నా అమెరికాలో మాంసానికి వెళ్ళే కోడెల్లో అత్యధిక భాగం ఆఖరి నాలుగు నుంచి ఆరు నెలలు, పశువులను ఆవరణల్లో ఉంచి తొట్టిలో దాణా పెట్టే కేంద్రాలైన ఫీడ్‌లాట్లలో ధాన్యం తిని బరువెక్కుతున్నాయి. న్యూజిలాండ్, ఐర్లాండ్, ఉరుగ్వే వంటి దేశాల్లో మాత్రం పశువులు ప్రధానంగా పచ్చిక మీదే పెరిగి కబేళాకు చేరుతున్నాయి.

రెండు పద్ధతులూ దశాబ్దాలుగా నిలిచి ఉన్నాయి కనుక రెండింటిలో ఏదీ తెలివితక్కువది కాదని అర్థమవుతోంది. మరి కిలో మేత ఖరీదులో అంత తక్కువగా కనిపించే గడ్డి, కిలో మాంసం ఖరీదు దగ్గరికి వచ్చేసరికి ఎందుకు ఓడిపోతోంది? ఎక్కడ ఓడిపోదు? ఏ లెక్క వేసి చూస్తే ఈ రెండింటి మధ్య గీత ఎక్కడ పడుతుందో తెలుస్తుంది? ఆరోగ్యం, రుచి, పర్యావరణం గురించిన వాదనలను పక్కన పెట్టి, పెంపకందారు జేబు వైపు నుంచే వివరించగలరని కోరుతున్నాను. ధరలు దేశానికొక రకంగా, ఏడాదికొక రకంగా ఉంటాయి కాబట్టి, వీలైతే ఏ ధరకైనా పనికివచ్చే పద్ధతిలో చెప్పండి.

సమాధానం: కాటా

మేతలెక్క గారూ, మీరు కిలో మేత ఖరీదు దగ్గర మొదలుపెట్టారు. అందరూ అక్కడే మొదలుపెడతారు. కానీ పెంపకందారు అమ్మేది మేతను కాదు, పశువు మీద పెరిగిన బరువును. కాబట్టి చూడవలసింది ఒక కిలో బరువు పెరగడానికి అయిన మొత్తం ఖర్చు. అందులో మేత ఒక భాగం, రోజులు రెండో భాగం. గడ్డి ఓడిపోయే చోట్ల చాలావరకు అది ఓడిపోయేది రోజుల లెక్కలోనే.

ముందుగా ఒక అపోహ తొలగించాలి. ధాన్యం మీద బరువెక్కే పశువు కూడా జీవితంలో ఎక్కువ భాగం గడ్డి మీదే గడుపుతుంది. తల్లితో పాటు పచ్చికలో తిరిగి, ఆరు నుంచి ఎనిమిది నెలల వయసులో పాలు మాని, ఆ తరువాత కూడా కొన్ని నెలలు మేసి, సుమారు 300 నుంచి 400 కిలోల బరువు దగ్గర ఫీడ్‌లాట్‌కు చేరుతుంది. అంటే ఈ తగవు పశువు జీవితం మొత్తానికి సంబంధించినది కాదు. చివరి 200 కిలోలు దేని మీద పెరగాలన్న దానికి సంబంధించినది.

ఇప్పుడు 400 కిలోల కోడెను ఊహించండి. అది ఒక్క గ్రాము కూడా పెరగకుండా బతికి ఉండడానికే, అంటే ఊపిరి తీయడానికి, ఒంటి వేడి నిలుపుకోవడానికి, గుండె కొట్టుకోవడానికి, రోజూ కొంత శక్తి కావాలి. దీనిని శరీర నిర్వహణ అవసరం అంటారు. పశుపోషణ శాస్త్రంలో 1968 నుంచి వాడుకలో ఉన్న నికర శక్తి పద్ధతి ప్రకారం, పశువు బరువును 0.75 ఘాతానికి హెచ్చించి 0.077తో గుణిస్తే ఈ అవసరం మెగాకేలరీలలో వస్తుంది. 400 కిలోలకు అది రోజుకు దాదాపు 6.9 మెగాకేలరీలు. తిన్న మేతలో ముందు ఈ బాకీ తీరాలి, మిగిలినదే కండగా, కొవ్వుగా మారుతుంది.

ఈ కోడె రోజుకు 9 కిలోల పొడి పదార్థం, అంటే నీటి శాతం తీసివేసిన మేత, తింటుందనుకుందాం. మంచి ధాన్యపు దాణా కిలోకు నిర్వహణ కోసం సుమారు 2.1, ఎదుగుదల కోసం 1.4 మెగాకేలరీలు ఇస్తుంది. 6.9 మెగాకేలరీల బాకీ తీర్చడానికి దాదాపు 3.3 కిలోలు పోగా 5.7 కిలోలు మిగులుతాయి. ఆ మిగులు రోజుకు 1.6 కిలోల బరువుకు సరిపోతుంది. మధ్యరకం పచ్చిక కిలోకు నిర్వహణకు 1.4, ఎదుగుదలకు 0.8 మెగాకేలరీలు ఇస్తుందనుకుంటే, నిర్వహణకే 4.9 కిలోలు ఖర్చయి 4.1 కిలోలు మాత్రమే మిగులుతాయి. వాటిలోనూ శక్తి తక్కువ కాబట్టి రోజుకు 0.7 కిలోలు మించి పెరగదు. తిన్నది రెండు చోట్లా అదే 9 కిలోలు, ఫలితంలో తేడా రెట్టింపు కంటే ఎక్కువ. మేస్తూ నడిచే పశువుకు నిర్వహణ అవసరం మరికొంత పెరుగుతుంది. దానిని నేను ఇక్కడ కలపలేదు.

చివరి 200 కిలోలకు ఈ లెక్కను సాగదీస్తే, ధాన్యం మీద 125 రోజులు, గడ్డి మీద 285 రోజులు పడతాయి. మేత మొత్తం వరుసగా 1,125 కిలోలు, 2,565 కిలోలు. పశువు బరువు పెరిగినకొద్దీ నిర్వహణ అవసరమూ పెరుగుతుంది కనుక నిజంలో రెండూ ఇంకాస్త ఎక్కువే ఉంటాయి, కానీ నిష్పత్తి పెద్దగా మారదు. 1,125ను 2,565తో భాగిస్తే 0.44 వస్తుంది. కేవలం మేత ఖర్చు చూస్తే, కిలో పొడి పదార్థం లెక్కన గడ్డి ఖరీదు దాణా ఖరీదులో 44 శాతం లోపు ఉంటే గడ్డి గెలుస్తుంది, దాటితే ఓడుతుంది.

అయితే ప్రతి రోజుకూ ఒక ఖర్చు ఉంది. పశువు మీద పెట్టిన పెట్టుబడికి వడ్డీ, చూసుకునే మనిషి కూలి, నీరు, కంచె, మందులు, చనిపోయే పశువుల నష్టం, ఇవన్నీ పశువు పెరిగినా పెరగకపోయినా రోజు గడిస్తే పడేవే. ఈ రోజువారీ ఖర్చు 2 కిలోల దాణా ఖరీదుతో సమానమనుకోండి. ధాన్యం పద్ధతిలో 125 రోజులకు మొత్తం ఖర్చు 1,375 కిలోల దాణా ఖరీదు అవుతుంది. గడ్డి పద్ధతిలో 285 రోజుల ఖర్చే 570 కిలోల దాణా ఖరీదు. మిగిలిన 805ను 2,565 కిలోల గడ్డికి పంచితే, గడ్డి ఖరీదు దాణా ఖరీదులో 31 శాతం దాటకూడదని తేలుతుంది. మీరు అడిగిన గీత ఇక్కడ పడుతుంది. మీ ధరలు, మీ పచ్చిక నాణ్యత, మీ వడ్డీ రేటు వేసుకుని ఇదే లెక్క చేస్తే మీ గీత మీకు వస్తుంది.

వడ్డీ రేటు పెరిగినప్పుడల్లా ఈ గీత కిందికి జరుగుతుందనీ, ధాన్యం ఖరీదు పెరిగినప్పుడల్లా గడ్డికి బలం చేకూరుతుందనీ గమనించండి. ఒకే చోటులో ఏడాదికి రెండు విడతలకు పైగా పశువులను బరువెక్కించి అమ్మగలగడం ఫీడ్‌లాట్‌కు ఉన్న అసలు బలం. పెట్టుబడి అన్నిసార్లు తిరిగి చేతికి వస్తుంది. రెండో ప్రపంచ యుద్ధం తరువాత అమెరికాలో సంకర మొక్కజొన్న, చౌకగా దొరికే నత్రజని ఎరువు, దక్షిణ మైదానాల్లో భూగర్భ జలంతో పండిన జొన్న కలిసి ధాన్యాన్ని ఎంత చౌక చేశాయంటే, గడ్డి ఆ 31 శాతం లోపల నిలబడడం చాలా ప్రాంతాల్లో కష్టమైంది. ఫీడ్‌లాట్లు టెక్సస్ ఉత్తర భాగంలోనూ పశ్చిమ కాన్సస్‌లోనూ గుమిగూడడానికి ఈ ధాన్యపు లభ్యత ముఖ్య కారణం.

సమాధానం: మేపరి

కాటా గారి లెక్క సరైనదే. అయితే అందులో గడ్డి అంటే ఒకే విలువ గల ఒకే సరుకుగా ఉంది. పచ్చికతో పనిచేసేవారికి గడ్డి వారం వారం మారిపోయే వస్తువు. లేత ఆకు దశలో ఉన్న పచ్చికలో నాలుగింట మూడు వంతులు అరుగుతుంది. వెన్ను తీసి, కాడ గట్టిపడి, గింజ పట్టేసరికి అరిగేది సగం దగ్గరికి పడిపోతుంది. పచ్చికలో ఎదుగుదలకు అందే శక్తి కిలోకు 0.8 నుంచి 1.0 మెగాకేలరీలకు చేరితే ఆయన చెప్పిన 0.7 కిలోలు దాదాపు 1 కిలోకు చేరుతుంది, 0.5కి పడితే ఎదుగుదల చాలావరకు తగ్గిపోతుంది. గడ్డి మీద లాభమో నష్టమో మేపే మనిషి మందను ఒక పచ్చిక మడి నుంచి ఇంకో మడికి మార్చే రోజుతోనే చాలావరకు తేలిపోతుంది.

అందుకని నేను కాటా వేయక ముందే పేడ చూస్తాను. పేడ పలుచగా పరుచుకుని, మధ్యలో చిన్న గుంటతో, అంచులు మెత్తగా ఉంటే మేతలో మాంసకృత్తులు, శక్తి సరిపడా అందుతున్నాయి. పొరలు పొరలుగా పేర్చినట్టు గట్టిగా నిలబడి, విరిచి చూస్తే పీచు పోగులు కనిపిస్తే మేత ముదిరిపోయింది. ఆ మందకు బరువు రావడం ఆగిపోయి ఉంటుంది, కాటా ఆ సంగతి నెల తరువాత చెబుతుంది. మంద మేసిన మడిని వదిలి తరువాతి మడికి వెళ్ళేటప్పుడు కొంత ఆకు మిగిల్చి వెళ్ళాలి. నేలబారుగా గీరేసిన గడ్డి మళ్ళీ చిగురించడానికి వేరులోని నిల్వను వాడుకోవలసి వస్తుంది, ఆ ఆలస్యమంతా మళ్ళీ రోజుల ఖర్చే.

గడ్డి ఉచితం అన్న మాటను కూడా వదులుకోవాలి. ఆ నేలను కౌలుకిస్తే వచ్చే సొమ్ము, అక్కడ పంట వేస్తే మిగిలేది, కంచె, నీటి తొట్లు, విత్తనం, ఎరువు, అన్నీ గడ్డి ఖరీదులోకే వస్తాయి. మొక్కజొన్న బాగా పండే చదునైన నల్లరేగడిలో గడ్డి పెంచితే, ఎంత బాగా మేపినా ఆ నేల అద్దెను గడ్డి తీర్చలేదు. రాతి నేల, వాలు, దుక్కికి పనికిరాని చౌడు, వర్షం ఎక్కువై గింజ ఎండని చోటు, ఇలాంటి నేలల్లో గడ్డికి పోటీ లేదు; అక్కడ గడ్డి ఖరీదు అంటే దాదాపుగా కంచె ఖరీదు, మనిషి కూలి. న్యూజిలాండ్, ఐర్లాండ్‌లలో చలి మరీ తీవ్రం కాకుండా, వాన ఏడాది పొడవునా పంచినట్టు పడి, రైగ్రాస్ అనే మేత గడ్డి, తెల్ల క్లోవర్ అనే పప్పుజాతి మేత మొక్క చాలా నెలలు పచ్చగా ఉంటాయి. క్లోవర్ గాలిలోని నత్రజనిని తానే నేలలో స్థిరపరుస్తుంది కనుక ఎరువు ఖర్చు తగ్గుతుంది, మేతలో మాంసకృత్తులు పెరుగుతాయి. అయితే క్లోవర్ గాని, పప్పుజాతికే చెందిన లూసర్న్ గాని మరీ ఎక్కువైతే పశువుకు కడుపుబ్బరం వచ్చి గంటల్లో ప్రాణం పోయే ప్రమాదం ఉంది. ఆకలితో ఉన్న మందను తడి క్లోవర్‌లోకి ఒక్కసారిగా వదలకూడదు.

గడ్డి పెరగని నెలలు ఎన్ని ఉన్నాయో అన్నది నా దృష్టిలో అన్నింటికన్నా పెద్ద ప్రశ్న. ఆ నెలల్లో పశువుకు ఎండుగడ్డి గాని పాతర గడ్డి గాని పెట్టాలి. ఎండుగడ్డిని కోసి, కట్టి, నిల్వ చేసి, మళ్ళీ మోసుకెళ్ళి పెట్టడంతో అది పచ్చికకు ఉన్న చౌకదనాన్ని పూర్తిగా పోగొట్టుకుంటుంది. పైగా దాని నాణ్యత తక్కువ కాబట్టి పశువు ఆ నెలల్లో బరువు నిలుపుకోవడమే గొప్ప. నాలుగైదు నెలలు ఇలా గడిపిన కోడె వసంతంలో లేత గడ్డి దొరకగానే మామూలు కంటే వేగంగా బరువెక్కుతుంది. దీనిని లోటు పూడ్చే ఎదుగుదల అంటారు. సన్నగా, ఆరోగ్యంగా ఉన్న దూడలను ఏరి కొనేవారు ఈ వేగాన్ని తమ లాభంగా చేసుకుంటారు.

వయసు సంగతి కూడా చెప్పాలి. అదే మధ్యరకం పచ్చిక మీద 200 కిలోల దూడ రోజుకు 5.2 కిలోల పొడి పదార్థం తిని దాదాపు 0.65 కిలోలు పెరుగుతుంది, అంటే కిలో బరువుకు 8 కిలోల గడ్డి. 400 కిలోల కోడెకు అదే గడ్డి కిలో బరువుకు 13 కిలోలు కావాలి. అంత చిన్న దూడకు ధాన్యం ఎక్కువగా పెడితే ఎముక, చట్రం పూర్తిగా ఎదగకముందే కొవ్వు పట్టి, తక్కువ బరువు దగ్గరే ఎదుగుదల ఆగిపోతుంది. కాబట్టి పచ్చికకు అత్యంత లాభసాటి పని దూడను కోడెగా మార్చడమే.

ఆ దూడను కొని అమ్మేవారు ఒక్క జాగ్రత్త తీసుకోవాలి. చిన్న దూడకు కిలో ధర ఎక్కువ, పెద్దదానికి తక్కువ. 250 కిలోల దూడ ధర కిలోకు 100 అనుకుంటే దాని వెల 25,000. 350 కిలోల దూడ ధర కిలోకు 88 అయితే దాని వెల 30,800. మీరు కలిపిన 100 కిలోలకు మీకు వచ్చినది 5,800, అంటే కిలోకు 58 మాత్రమే. చాలామంది 88 చేతికి వస్తుందన్న నమ్మకంతో లెక్క వేసి, కిలో పెంచడానికి 65 ఖర్చు పెట్టి, మంద అంతా నిగనిగలాడుతున్నా ఎందుకు నష్టం వచ్చిందో తెలియక బాధపడతారు. దూడ కొనే రోజునే ఈ పెరిగిన కిలో విలువను లెక్క కట్టి, కిలో ఖర్చుతో పోల్చి చూడడం తప్పనిసరి.

ప్రశ్న అడిగినవారు: మేతలెక్క

కాటా గారికి, మేపరి గారికి కృతజ్ఞతలు. 31 శాతం గీత, పెరిగిన కిలో విలువ, ఈ రెండూ నాకు ఇప్పటిదాకా ఎక్కడా ఇంత స్పష్టంగా దొరకలేదు. ఇంకొక్క సందేహం. గడ్డి మీద మాత్రమే పెరిగిన పశువు మాంసాన్ని వేరుగా, ఎక్కువ ధరకు అమ్మేవారు ఉన్నారు. ఆ అదనపు ధర గడ్డి లోటును పూడ్చగలదా? పూడ్చాలంటే అది ఎంత ఉండాలి?

సమాధానం: టోకువర్తకం

మాంసం అమ్మకం వైపు నుంచి చెబుతాను.

పశువు తూకం వేరు, మాంసం తూకం వేరు. ధాన్యం మీద 600 కిలోలకు చేరిన కోడెను కోసి, తల, చర్మం, పేగులు తీసివేస్తే మిగిలే కళేబరం సుమారు 62 శాతం, అంటే 372 కిలోలు. గడ్డి మీద 500 కిలోలకు చేరిన కోడెకు పొట్ట నిండా పీచు మేత ఉంటుంది, ఒంటి మీద కొవ్వు తక్కువ. కళేబరం 55 శాతం దగ్గర ఉండి 275 కిలోలే దిగుతుంది. కబేళా రుసుము ఎక్కువ భాగం తలకు ఇంత అని ఉంటుంది, కిలోకు ఇంత అని కాదు. ఆ ఖర్చును 372 కిలోలకు పంచడానికీ 275 కిలోలకు పంచడానికీ మధ్య తేడా 35 శాతం. పచ్చికలో ఎంత బాగా మేపినా ఈ తేడా చెరగదు. చిన్న కబేళాలో కోయించేవారికి రుసుము మరింత ఎక్కువ, వంతు దొరకడానికి నెలల ముందే చెప్పుకోవలసి ఉంటుంది.

రెండోది, కళేబరంలో మంచి ధర పలికే నడుము, పక్కటెముకల భాగాలు సుమారు నాలుగింట ఒక వంతే. మిగిలిన మూడు వంతులు భుజం, తొడ, రొమ్ము, ఖైమా కొట్టే ముక్కలు. గడ్డి మాంసం కోసం రెట్టింపు ధర ఇస్తానన్న గిరాకీదారు సాధారణంగా ఆ నాలుగో వంతు కోసమే వస్తాడు. ఖైమాను కూడా ఎక్కువ ధరకు అమ్ముకోగలిగిన వ్యాపారికే ఇందులో లాభం మిగులుతుంది. ఒక పశువు అమ్మకం పూర్తయిందంటే దాని ఆఖరి ఖైమా పొట్లం కూడా అమ్ముడుపోయిందని అర్థం. గడ్డకట్టించే గదిలో నిలబడిన పొట్లాలకు కరెంటు ఖర్చు, వడ్డీ పడుతూనే ఉంటాయి. సగం పశువును గాని, పావు పశువును గాని ముందుగానే ఒక కుటుంబానికి అమ్మే పద్ధతి ఈ చిక్కును చాలావరకు తీరుస్తుంది. అందుకే చిన్న పెంపకందారులకు అదే ఎక్కువగా కలిసివస్తుంది.

మామూలు వర్తకంలో గడ్డి పశువుకు ధర కోత కూడా ఉంది. అమెరికాలో కండలో కలిసి ఉండే సన్నని కొవ్వు చారలను బట్టి ప్రైమ్, ఛాయిస్, సెలెక్ట్ అని మాంసాన్ని వర్గీకరిస్తారు. ఆ కొవ్వు చారలు ధాన్యపు దాణా మీద తేలికగా ఏర్పడతాయి. దేశంలో ధాన్యం మీద బరువెక్కిన పశువుల్లో సుమారు 85 శాతాన్ని నాలుగు పెద్ద సంస్థలే కోస్తాయి. వాటి పనంతా ఒకే తీరు బరువు గల కళేబరాల చుట్టూ అల్లుకుని ఉంటుంది కనుక చిన్న కళేబరాన్ని ధర తగ్గించి తీసుకుంటాయి. గడ్డి మీద పెంచి ఆ దారిలో అమ్మేవారు రెండు వైపులా నష్టపోతారు. కాబట్టి గడ్డితోనే చివరిదాకా పెంచాలనుకుంటే, మొదటి దూడను కొనకముందే ఎవరికి అమ్ముతామో స్థిరపరచుకోవాలి.

అదనపు ధర ఎంత ఉండాలన్నారు. దానికి కళేబరం కిలో మీద అయిన మొత్తం ఖర్చును రెండు పద్ధతుల్లోనూ వేసి చూడాలి. దూడ వెల రెంటికీ ఒకటే అయినా గడ్డి పద్ధతిలో దానిని 275 కిలోల మీదే రాబట్టుకోవాలి. ఆ ఒక్క కారణం చేతనే దూడ వెల భారం కిలోకు 35 శాతం పెరుగుతుంది. మేత ఖర్చు సమానంగా ఉన్న చోట కూడా, ఆ అదనపు ధర మూడో వంతు దాకా లేకపోతే గడ్డి పెంపకందారు ధాన్యపు పెంపకందారుతో సమానంగా నిలబడడం కష్టం. చివరి దశలో మేతే చాలా చౌకగా దొరికే చోట ఇంతకంటే తక్కువ సరిపోవచ్చు.

పోటీ బయటినుంచి కూడా వస్తుంది. అమెరికాలో గడ్డి మాంసం పేరుతో అమ్ముడుపోయేదానిలో పెద్ద భాగం ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, ఉరుగ్వేల నుంచి దిగుమతి అయ్యేదే; అక్కడి పచ్చిక కాలం పొడవు, మందల పరిమాణం ఎక్కువ. దిగుమతి మాంసాన్ని దేశంలో ముక్కలు చేస్తే దానికి అమెరికా ఉత్పత్తి అన్న ముద్ర వేసుకునే వెసులుబాటు చాలా ఏళ్ళు ఉండేది. 2024లో ఖరారైన నిబంధన ప్రకారం, 2026 జనవరి 1 నుంచి అక్కడే పుట్టి, పెరిగి, కోతకు గురై, శుద్ధి అయిన పశువు మాంసానికే ఆ ముద్ర వేయాలి. గడ్డి మేత ముద్ర విషయంలో మాత్రం అమెరికా వ్యవసాయ శాఖ మార్కెటింగ్ విభాగం తన ప్రమాణాన్ని 2016లో ఉపసంహరించుకుంది. నిజాయితీగా చివరిదాకా గడ్డి మీదే పెంచినవారికీ, పెట్టె మీద పచ్చిక బొమ్మ వేసి అమ్మేవారికీ మధ్య తేడా గిరాకీదారుకు కనపడకపోవడం ఈ రంగానికి జరుగుతున్న అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను.

సమాధానం: పశువైద్యం

ఇప్పటిదాకా వచ్చిన లెక్కలన్నీ అంతా సవ్యంగా జరిగిన ఏడాదికి సంబంధించినవి. చెడ్డ ఏడాది గురించి కూడా మాట్లాడుకోవాలి, ఎందుకంటే ఈ రెండు పద్ధతులూ రెండు వేరు రకాలుగా దెబ్బతింటాయి.

ధాన్యం పద్ధతిలో మొదటి ప్రమాదం పశువు కడుపులోనే ఉంది. గడ్డికి అలవాటుపడిన పెద్దపొట్టలోకి పిండి పదార్థం ఒక్కసారిగా వెళితే ఆమ్లం పెరిగిపోతుంది. పశువు మేత మానేస్తుంది, తీవ్రమైతే చనిపోతుంది, బతికినా కాలేయంలో చీము గడ్డలు ఏర్పడి ఎదుగుదల దెబ్బతింటుంది. అందుకే దాణాలో ధాన్యం పాలును సుమారు మూడు వారాల పాటు మెట్లు మెట్లుగా పెంచుతారు. మంచి ఫీడ్‌లాట్‌లో తెల్లవారకముందే ఒక మనిషి తొట్ల వెంట నడుస్తాడు. తొట్టి అడుగున కొద్దిపాటి పొడి మాత్రమే మిగిలి ఉంటే సరిపోయినట్టు. నాకినట్టు శుభ్రంగా ఉండి పశువులు ఆత్రంగా ఎదురుచూస్తుంటే తక్కువైనట్టు. మేత మిగిలి వాసన వేస్తే ఎక్కువైనట్టు. ఆయన ఆ ఉదయం ఎంత మేత రాస్తాడన్న దానిమీద వందలాది పశువుల ఆరోగ్యం, యజమాని లాభం రెండూ ఆధారపడతాయి. 

రెండో ప్రమాదం ధాన్యం ధర. 2012లో అమెరికా మధ్య రాష్ట్రాల్లో కరువు వచ్చినప్పుడు మొక్కజొన్న ధర బుషెల్‌కు, అంటే 25.4 కిలోలకు, 8 డాలర్లు దాటింది. కాటా గారి సూత్రంలో పెట్టి చూడండి: దాణా ఖరీదు రెట్టింపై, రోజువారీ ఖర్చు మారకుండా ఉంటే, గడ్డి భరించగల ఖరీదు రెట్టింపును మించుతుంది. అటువంటి ఏడాదుల్లో ఫీడ్‌లాట్లు పచ్చిక మీదే బాగా బరువెక్కిన కోడెలను కోరుకుంటాయి. అన్ని ఫీడ్‌లాట్లూ మొక్కజొన్న గింజనే పోస్తాయనుకోవద్దు. ఇథనాల్ తయారీలో పిండి పదార్థం పోయాక గింజ బరువులో దాదాపు మూడో వంతు పిప్పి మిగులుతుంది. మాంసకృత్తులు, కొవ్వు, పీచు అందులో మూడింతలు చిక్కగా ఉంటాయి. ఇథనాల్ కర్మాగారం పక్కన ఉన్న ఫీడ్‌లాట్‌కు తడి పిప్పి ఎండబెట్టకుండానే దొరుకుతుంది కాబట్టి అక్కడ గడ్డికి పోటీ మరింత కష్టం.

గడ్డి పద్ధతిలో ప్రమాదం ఒక్కటే, కానీ పెద్దది. వాన పడకపోతే మేత ఉండదు. ధాన్యాన్ని దూరం నుంచి తెప్పించుకోవచ్చు. పచ్చికను తెప్పించుకోలేం, ఎండుగడ్డి ధర ఆ ఏడాదే ఆకాశాన్నంటుతుంది. చుట్టుపక్కల అందరూ అదే వారంలో పశువులను సంతకు తోలుతారు, ధర పడిపోతుంది. కోడెలను అమ్ముకోవడం వరకు సరే, ఈనే ఆవులను కూడా అమ్ముకోవలసి వస్తే కోలుకోవడానికి ఏళ్ళు పడుతుంది. పెయ్యను ఉంచుకుంటే దానికి పదిహేను నెలల వయసులో చూలు కట్టించాలి, తొమ్మిది నెలలకు పైగా మోస్తుంది, పుట్టిన దూడ కోతకు రావడానికి మరో ఏడాదిన్నర. వరుస కరువుల తరువాత అమెరికా పశుసంపద 2025 జనవరి 1 నాటికి 8.67 కోట్లకు తగ్గింది. 1951 తరువాత అప్పటిదాకా అంత తక్కువ ఎప్పుడూ లేదు. మందలు ఇలా తగ్గడానికి కరువు ఒక ముఖ్య కారణం. అందువల్ల పచ్చిక మీద ఆధారపడేవారు మంచి ఏడాదికి సరిపోయే సంఖ్యలో ఆవులను పెట్టుకోకూడదన్నది నా అభిప్రాయం. పచ్చిక భరించగలిగే సంఖ్య కంటే తక్కువ ఆవులను స్థిరంగా ఉంచి, మిగిలిన గడ్డిని ఆ ఏడాది కొని ఆ ఏడాదే అమ్మే కోడెలతో మేపిస్తే, కరువు వచ్చినప్పుడు ముందు కోడెలు వెళ్ళిపోతాయి, మూల మంద నిలబడుతుంది.

సమాధానం: కాటా

పశువైద్యం గారు చెప్పిన చివరి సలహాతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. మేతలెక్క గారికి ఇంకొక్క విషయం చెప్పి ముగిస్తాను, ఎందుకంటే ఇది అటో ఇటో అన్న నిర్ణయం కానవసరం లేదు.

పచ్చిక మీద ఉన్న కోడెకే రోజూ కొద్దిగా ధాన్యం పెట్టే పద్ధతి ఉంది. పశువు బరువులో 0.5 శాతం దాకా, అంటే 400 కిలోల కోడెకు 2 కిలోల లోపు పెడితే, అది గడ్డి మేయడం పెద్దగా తగ్గించదు. పెట్టిన ధాన్యం చాలావరకు అదనపు శక్తిగా పనిచేస్తుంది. అంతకు మించి పెడితే పశువు గడ్డి తగ్గించి ధాన్యం కోసం తొట్టి దగ్గరే నిలబడుతుంది, చౌక మేతను వదిలి ఖరీదైన మేతను తిన్నట్టవుతుంది. పచ్చిక ముదిరి ఎదుగుదల సగానికి పడే నెలల్లో ఈ కొద్దిపాటి దాణా మీద పెట్టిన డబ్బు తిరిగి వచ్చే అవకాశం అన్నింటికన్నా ఎక్కువ. అయితే ఇలా పెంచిన పశువును గడ్డి మాత్రమే తిన్నదని చెప్పి అమ్మకూడదు, కాబట్టి టోకువర్తకం గారు చెప్పిన అదనపు ధర ఇక్కడ రాదు.

గడ్డి నుంచి ధాన్యానికి ఏ రోజు మార్చాలన్నది నెలకొకసారి వేసుకోవలసిన లెక్క. రాబోయే నెలలో పచ్చిక మీద ఎన్ని కిలోలు పెరుగుతుందో అంచనా వేసి, ఆ నెల మేత ఖర్చును, రోజువారీ ఖర్చును కలిపి ఆ కిలోలతో భాగించండి. అదే నెలను ధాన్యం మీద గడిపితే కిలోకు ఎంత పడుతుందో చూడండి. లేత గడ్డి ఉన్నన్నాళ్ళు మొదటి అంకె చిన్నదిగా ఉంటుంది. పచ్చిక వెన్ను తీసే వేళకు రెండు అంకెలూ దగ్గరవుతాయి. మొదటిది రెండోదాన్ని దాటబోతున్న నెలలో, వచ్చే మేపు కాలం దాకా ఆ కోడెను మోయడానికి అయ్యే ఎండుగడ్డి ఖర్చును కూడా కలిపి చూసి, అప్పుడు దాణాకు మార్చడమో అమ్మేయడమో తేల్చుకోండి.